నిబంధనల జాబితాకు అంకెలను చేత్తో వేయాలా, ఓఎల్ ట్యాగుకు వదలాలా?

గిరింపేట (చిత్తూరు)
మామిడి రైతుల సంఘం ఒకదానికి వెబ్‌పుటను నేను చూసుకుంటున్నాను. సంఘానికి 14 నిబంధనలున్నాయి. నాకు ముందు ఆ పుటను చూసినవారు ప్రతి నిబంధనకూ ముందు 1), 2) అని చేత్తో టైపు చేసి, చివర వరుసను తెంచే బీఆర్ ట్యాగు ఒకటి పెట్టి వదిలేశారు. ఫోనులో తెరిస్తే రెండో వరుస వచ్చి అంకె కిందనే పడుతుంది కనుక ఏ నిబంధన ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. అందుచేత మొత్తాన్ని, బ్రౌజరే అంకెలు వేసే జాబితా ట్యాగు ఓఎల్‌లోకి మార్చి, ఒక్కొక్క నిబంధనను ఒక్కొక్క ఎల్ఐలో (జాబితాలోని ఒక అంశానికి వాడే ట్యాగు) పెట్టాను. ఇప్పుడు అంకె ఎడమవైపు విడిగా నిలుస్తుంది, వాక్యం దాని పక్కన నిలువుగీత పట్టినట్టు దిగుతుంది. పెద్దలు సంతోషిస్తారని, అంకెల రూపాన్ని నిర్ణయించే లిస్ట్-స్టైల్-టైప్‌కు 'తెలుగు' అని ఇచ్చి ౧, ౨, ౩ అంకెలు వచ్చేట్టు చేశాను. అయినా సంఘంలోని ఒక పెద్దాయన మా అంకెలను తీసేశావని నాపై కోపంగా ఉన్నారు. అంకెలు ఎదురుగా కనబడుతుంటే తీసేయడం ఏమిటో నాకు బోధపడలేదు. మీరేమంటారు?

పాత కంపోజిటర్ (తిరుపతి)
ఆ పెద్దాయన ఎవరో నేనెరుగను గాని, ఆయన చెప్పినది నిజమే. తమరు అంకెలను తీసేశారు. కావాలంటే ఆ పుటను తెరిచి, నిబంధన మీద మౌసు లాగి చూడండి. వాక్యం నీలమవుతుంది, ముందున్న అంకె మాత్రం ఎంపికలోకి రాదు. పుటలో వెతికే పెట్టెలో ఆ అంకెను కొట్టండి, దొరకదు. ఎందుకంటే అది పాఠంలో లేదు; బ్రౌజరు అప్పటికప్పుడు లెక్కపెట్టి పక్కన గీసిన గుర్తు అది. నేను ఇరవై రెండేళ్లు తిరుపతిలో అచ్చాఫీసులో పనిచేశాను. రాతప్రతిలో 5 అని ఉంటే 5 అచ్చును అరల కేసులోంచి తీసి, అచ్చులను వరుసగా పేర్చే కంపోజింగ్ స్టిక్కులో పెట్టేవాళ్లం. రచయిత పొరపాటున 5 తరువాత 7 వేసినా ప్రూఫు మార్జినులో ప్రశ్న గుర్తు పెట్టి పంపేవాళ్లమే తప్ప మాకు మేముగా 6 చేసేవాళ్లం కాదు. రాసినవాడి అంకెను యంత్రం చేతికి అప్పగించే అధికారం తమరికి ఎవరిచ్చారు?

అలిపిరి మెట్టు
వరుస ఉన్న జాబితాకు ఓఎల్, వరుస లేనిదానికి యూఎల్. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

తాతయ్యగుంట
తిరుపతి గంగమ్మ జాతరకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని వరుస ఉంది, దాన్ని ఎవరూ మార్చరు. అటువంటివాటికి ఓఎల్ సరే. కాని ౭, ౮ అని వేస్తే మా ఇంట్లో కాలేజీ చదివే పిల్లలు ఏది ఏడో ఏది ఎనిమిదో చెప్పలేరు. అవి మాత్రం వద్దు.

గిరింపేట
కంపోజిటర్ గారూ, సీసపు అచ్చుల కాలపు న్యాయాన్ని ఫోను తెర మీదికి తెస్తున్నారు. కాగితం వెడల్పు మారదు, తెర వెడల్పు ప్రతి చేతిలోనూ మారుతుంది. బ్రౌజరు జాబితాకు ఎడమవైపు 40 పిక్సెళ్ల ఖాళీని తనంతట తానే వదులుతుంది. జాబితాలో ఇంకో జాబితా ఉంటే 80 అవుతుంది. 360 పిక్సెళ్ల ఫోనులో అది దాదాపు పావువంతు. ఆ ఖాళీని ఎంత తగ్గించాలి, అంకెను లోపల ఉంచాలా బయట ఉంచాలా, ఒత్తులున్న వరుసలు ఒకదానికొకటి తగలకుండా ఎంత ఎడం ఇవ్వాలి అని నేను రెండు రాత్రులు కూర్చుని సరిచేశాను. 4వ నిబంధనలోని ఉపనిబంధనలకు అ, ఆ, ఇ, ఈ వచ్చేట్టు కౌంటర్-స్టైల్ (జాబితా గుర్తుల వరుసను మనమే చెప్పే నియమం) సొంతంగా రాశాను. తెలుగు అక్షరాల వరుస అందులో సిద్ధంగా దొరకదు, మనమే ఒక్కొక్కటిగా ఇచ్చుకోవాలి. ఇంత చేసినదానికి అధికారం ఎవరిచ్చారని అడుగుతున్నారు.

పాత కంపోజిటర్
అక్షరాలను తమరే ఇచ్చుకున్నారు కదా. 'ఊ' తరువాత ఏ అక్షరం ఇచ్చారు?

గిరింపేట
ఋ. వర్ణమాలలో అదే కదా ఉన్నది.

పాత కంపోజిటర్
అనుకున్నాను. ప్రభుత్వ ఉత్తర్వుల అనువాదాలు, దస్తావేజులు, సంఘాల నియమావళులు ఎన్నో నా చేతిమీదుగా వెళ్లాయి. నేను కూర్చిన వాటిలో (ఊ) తరువాత (ఎ) వచ్చేది. (ఋ) పెట్టినది నాకు ఒక్కటీ గుర్తులేదు. మీ పాత పుటలో 4వ నిబంధన కింద చేత్తో టైపు చేసిన అక్షరాలు ఏమున్నాయో దయచేసి చూసి చెప్పండి. దీనికి సమాధానం వచ్చేదాకా నేను మరో విషయం మాట్లాడను.

అలిపిరి మెట్టు
ఋ కోసం ఇంత పట్టుదలా!

చెవితో చదివేవాణ్ణి (తిరుపతి)
నాకు చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే తెర చదివే సాఫ్ట్‌వేరుతో చదువుతాను. కంటికి ఎలా కనబడుతుందన్నది మీ ఇద్దరి గొడవ, నా గొడవ వేరు. ఓఎల్‌లో పెడితే జాబితా మొదలు కాగానే అందులో 14 అంశాలున్నాయని నాకు ముందే చెబుతుంది. ఐ మీట నొక్కుతూ ఒక్కొక్క అంశానికి దూకగలను. బీఆర్ పెట్టి చేత్తో అంకె వేసినది నాకు జాబితాగా అందదు, వరుస తరువాత వరుసగా చదువుకుంటూ పోతుందంతే. ఒక పోటీ పరీక్షకు దరఖాస్తు చేసినప్పుడు సూచనలన్నీ అలాగే ఉండేవి. సహాయకుడికి సంబంధించిన పత్రాన్ని పది రోజుల ముందే ఇవ్వాలన్న సూచన ఆ ముద్దలో ఎక్కడో ఉంది. నాకు అది వినబడే సమయానికి గడువు దాటిపోయింది, ఆ ఏడాది పరీక్ష పోయింది. కంపోజిటర్ గారు మౌసుతో లాగి చూడమంటున్నారు. ఆ పరీక్ష నేను చేయలేను గాని, ఈ పరీక్షలో చేత్తో వేసిన అంకె ఓడిపోయిందని చెప్పగలను.

పాత కంపోజిటర్
మీకు జరిగిన నష్టానికి బాధపడుతున్నాను. అయితే ఆ సూచనలకు అంకె ఉంది గదా, లోపం అంకెది కాదు, ట్యాగులు వేసినవారిది. గిరింపేట గారు నా ప్రశ్నకు ఇంకా జవాబివ్వలేదు.

గిరింపేట
ఇస్తున్నాను, వినండి. పాత పుటలో (ఊ) తరువాత (ఎ) ఉంది, ఆ తరువాత (ఏ) ఉంది. ఇప్పుడు (ఋ), (ౠ) అని వస్తున్నాయి. వర్ణమాల ప్రకారం నేను వేసినదే సరైనది. నాకు జీతం లేదు, పెట్రోలు ఖర్చు లేదు, మెచ్చుకోలు అసలే లేదు. రెండు అక్షరాలు సవరించినందుకు, 'తొలగించబడినది' అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేని పనికిరాని వరుసను ఎత్తేసినందుకు ఊరూవాడా నన్ను దోషిని చేస్తే ఇక ఈ పని ఎవరు చేస్తారు?

అలిపిరి మెట్టు
ఒక్క నిమిషం. ఏ వరుసను ఎత్తేశారు?

గిరింపేట
7వది. పాత పుటలో 15 అంకెలుండేవి. 7కు ఎదురుగా 'తొలగించబడినది' అని మాత్రమే ఉంది. లేని నిబంధనకు ఎల్ఐ ఎందుకని తీసేశాను. ఓఎల్ తనే సర్దుకుని 14 చేసింది.

అలిపిరి మెట్టు
అంటే పాత 11 ఇప్పుడు 10 అయింది. 11 అంటే ఏమిటి, 12 అంటే ఏమిటి?

గిరింపేట
పాత 11, గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి మామిడి తోలిన సభ్యుడు తూకం చీటీ నకలును మూడు రోజుల్లో సంఘానికి ఇవ్వాలన్నది. పాత 12, సభ్యత్వం రద్దు చేయడానికి సంబంధించినది.

పాత కంపోజిటర్
చూడండి. చీటీ ఇవ్వని రైతుకు సంఘం '11వ నిబంధన ప్రకారం' అని ఒక నోటీసు పంపిందనుకుందాం. ఆయన ఇంట్లో ఫోను తెరిచి 11 చూస్తే సభ్యత్వం రద్దు అని ఉంటుంది. మీ పెద్దాయన కోపానికి కారణం ఇదే అయి ఉంటుంది, ఆయన దాన్ని చెప్పలేక అంకెలు తీసేశారన్నారు. అలిపిరి దారిలో మూడున్నర వేలకు పైగా మెట్లున్నాయి. వాటికి అంకెలు చెక్కి ఉన్నాయనుకోండి, ఒక మెట్టు విరిగిపోతే దాని అంకెను పై మెట్టుకు ఇచ్చి చివరిదాకా మళ్లీ చెక్కుతామా? తమరు అంకె అంటే లెక్క అనుకుంటున్నారు. నేను అది పేరు అంటున్నాను. 11 అన్నది ఆ నిబంధన పేరు, (ఎ) అన్నది ఆ ఉపనిబంధన పేరు. మొదటినుంచీ నేను ఋ గురించి అడుగుతున్నది ఇందుకే.

గిరింపేట
పేరు అయితే కావచ్చు. అయినా ఉన్నవి 14 కాగా 15 అని చూపించడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. కొత్తగా చేరే రైతు ఆ ఖాళీ వరుసను చూసి, ఇక్కడ ఏదో దాచారని అనుకుంటాడు. పుట అన్నది ఇవాళ చదివేవాడి కోసం, పాత నోటీసుల కోసం కాదు.

పాత కంపోజిటర్
నోటీసు అందుకున్నవాడు కూడా ఇవాళే చదువుతాడు.

చెవితో చదివేవాణ్ణి
మీరిద్దరూ ఓఎల్‌ను అంకెలు లెక్కపెట్టే యంత్రంగానే చూస్తున్నారు. దానికి మనం పేరు కూడా చెప్పవచ్చు. ఎల్ఐ ట్యాగులో వేల్యూ అని 8 ఇస్తే అక్కడ 8 పడుతుంది, తరువాతవి 9, 10 అని సాగుతాయి. 1999లో వచ్చిన వెబ్‌పుటల భాషా ప్రమాణం హెచ్‌టీఎంఎల్ 4.01 వేల్యూ, స్టార్ట్ (మొదటి అంకె), టైప్ (గుర్తు రకం) లక్షణాలను వాడవద్దని పక్కన పెట్టింది, అవి కేవలం అలంకారమని భావించి. 2014 నాటి హెచ్‌టీఎంఎల్ 5 వాటిని తిరిగి అనుమతించింది. అంశాలను వాటి అంకెతోనో అక్షరంతోనో ఉదహరించవలసిన చోట టైప్ వాడవచ్చని ఆ ప్రమాణంలోనే ఉంది. అంటే కంపోజిటర్ గారి వాదన ట్యాగులకు విరోధి కాదు.

చిక్కు అంతా అక్షరాల దగ్గరే ఉంది. టైప్‌కు 1, చిన్న, పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, రెండు రకాల రోమను అంకెలు తప్ప తెలుగు తెలియదు. కనుక మీ (ఎ) పుట రూపాన్ని చెప్పే స్టైల్‌షీటులో మాత్రమే ఉంటుంది. అది లోడు కాని రోజున ఆ ఉపనిబంధన 7 అయిపోతుంది. ఉపనిబంధనలకు గుర్తును తీసేసి, అక్షరాన్ని వాక్యంలోనే చేత్తో టైపు చేయండి. గుర్తు తీయడానికి లిస్ట్-స్టైల్ నన్ ఇస్తే ఐఫోనులో సఫారీ దాన్ని జాబితాగా చెప్పడం మానేస్తుంది. అందుకని, ఇది జాబితా అని తెర చదివే సాఫ్ట్‌వేరుకు చెప్పేందుకు, ఓఎల్‌కు రోల్‌గా 'లిస్ట్' అని కూడా రాయండి, లేకపోతే నాలాంటివారికి మళ్లీ ముద్దే మిగులుతుంది.

తాతయ్యగుంట
తెలుగు అంకెల సంగతి ఎవరూ మాట్లాడలేదు.

గిరింపేట
తీసేస్తాను, నోటీసుల్లో 11 అని ఉండి పుటలో ౧౧ అని ఉండటం కూడా ఇబ్బందే. 8కి వేల్యూ ఇచ్చాను. అక్షరాలను చేత్తో వేస్తున్నాను, (ఎ), (ఏ) పాతవి పాతట్టే. రోల్ కూడా పెట్టాను. అయితే 7వ వరుసను తిరిగి పెట్టలేదు. 6 తరువాత 8 వస్తే సరిపోతుంది కదా, కంపోజిటర్ గారికి కావలసిన పేరు నిలిచింది, నా పుటలో ఖాళీ వరుస లేదు.

చెవితో చదివేవాణ్ణి
సరిపోదండీ. 6 తరువాత 8 వినబడితే నేను మీట రెండుసార్లు నొక్కానేమో అనుకుని వెనక్కి వెళ్తాను. అక్కడ ఏమీ దొరకక మళ్లీ ముందుకు వస్తాను. 'తొలగించబడినది' అన్న ఆ ఒక్క మాట ఉండనివ్వండి.

పాత కంపోజిటర్
తొలగించిన తీర్మానం తేదీ కూడా దాని పక్కన ఉంటే మేలు.

గిరింపేట
తేదీ సంఘం మినిట్సు పుస్తకంలో ఉంటుంది. దానికోసం మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లాలి.