సాల్వే హట్‌లో ముందే అనుకుని పడుకోవడం తప్పా?

నెమ్మదినడక:
వచ్చే వేసవిలో నేనూ, నా స్నేహితుడూ గైడ్ లేకుండా స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులోని మాటర్‌హార్న్ పర్వతాన్ని హోర్న్లీ రిడ్జ్ (రాతి గట్టు) మీదుగా ఎక్కుదామనుకుంటున్నాం. మేమిద్దరం వేగంగా ఎక్కేవాళ్లం కాదు. అందుకని ఆ దారిలో 4,003 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న గుడిసె, సాల్వే హట్‌లో ఒక రాత్రి పడుకుని, తెల్లారి శిఖరానికి వెళ్లి దిగొద్దామని ప్లాన్. ఈ మాట వినగానే తెలిసిన క్లైంబర్ ఒకాయన గట్టిగా కోప్పడ్డారు. ఖాళీగా ఉన్న పరుపు మీద పడుకుంటే ఎవరికి నష్టం?

తాడుముడి:
నష్టం ఉంది. అక్కడ చోటు పదిమందికే. 1915లో బెల్జియం పారిశ్రామికవేత్త ఎర్నెస్ట్ సాల్వే ఇచ్చిన డబ్బుతో దాన్ని కట్టింది, దారి మధ్యలో తుఫానుకు చిక్కినవాళ్లు తలదాచుకోవడానికి. స్విస్ ఆల్పైన్ క్లబ్ నియమం కూడా అదే, ఆపదలో మాత్రమే వాడాలి.

నేను అక్కడ ఒక రాత్రి గడిపాను. శిఖరం నుంచి దిగుతుంటే ఉరుములు, మెరుపులు, రాతి మీద మంచు. ఎలాగో హట్ చేరాం. లోపల అప్పటికే నిండిపోయింది. అందులో నలుగురు మీలాగే ప్లాన్ వేసుకుని మధ్యాహ్నమే వచ్చి స్లీపింగ్ బ్యాగులు పరుచుకున్నవాళ్లు. చెయ్యి విరిగిన ఒకాయన గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపాడు. ఆయన మూలుగు నాకు ఇంకా గుర్తుంది. మీరు వెళ్లేసరికి ఖాళీగా ఉండొచ్చు, చీకటి పడ్డాక పైనుంచి ఎవరొస్తారో మీకెలా తెలుస్తుంది?

మంచుగీత:
నన్నడిగితే అసలు ఆ హట్ ఉండటమే సమస్య. అది ఉందన్న ధైర్యంతోనే వెనక్కి తిరగాల్సినవాళ్లు ఇంకా పైకి పోతున్నారు.

తాడుముడి:
ఒప్పుకోను. తీసేస్తే ఆ ధైర్యం చేసేవాళ్లు ఆగరు, ఆ చెయ్యి విరిగినాయన మాత్రం బయట రాతి మీద చలికి పోతాడు.

నెమ్మదినడక:
మీరు చెప్పింది చదివి చాలాసేపు ఆలోచించాను. కానీ నా టెన్షన్ కూడా వినండి. చీకట్లో తొందరపడి దిగడం కంటే అక్కడ ఆగడమే క్షేమం కదా?

తాడుముడి:
చీకటి పడే దాకా ఎందుకు వెళ్లడం? ఎక్కడం మొదలయ్యే చోట, 3,260 మీటర్ల ఎత్తులో ఉన్న హోర్న్లీ హట్ నుంచి సాల్వేకి ఎత్తు తేడా సుమారు 740 మీటర్లు. మూడు గంటల్లో అక్కడికి చేరలేకపోతే వెనక్కి తిరగాలి. శిఖరం 4,478 మీటర్లు, పైగా దిగడానికి ఎక్కినంత సేపూ పడుతుంది. అలసిపోయి దిగేటప్పుడే ఎక్కువ ప్రమాదాలు. ఇక రాత్రి ఉండాలంటే స్లీపింగ్ బ్యాగు, స్టవ్, గ్యాస్ మొయ్యాలి. అక్కడ నీళ్లు దొరకవు, మంచు కరిగించుకోవాలి. అసలే నెమ్మది అంటున్నారు, ఆ బరువుతో ఇంకా నెమ్మదవుతారు.

నెమ్మదినడక:
బరువు సంగతి నాకు తట్టలేదు. సరే, ప్లాన్ మారుస్తున్నాం. ముందు దగ్గర్లోని బ్రైట్‌హార్న్ శిఖరం ఎక్కి ఎత్తుకు అలవాటు పడతాం, రిఫెల్‌హార్న్ అనే ఇంకో శిఖరం రాళ్ల మీద ఇద్దరం ఒకే తాడుకు కట్టుకుని కలిసి దిగడం సాధన చేస్తాం. మూడు గంటల్లో సాల్వే గుమ్మం కనబడకపోతే వెనక్కే. కానీ మంచుగీత గారూ, హట్ తీసేయాలన్న మాట మాత్రం నాకూ నచ్చలేదు.