ఇంటి ఫోటోలు ఇంట్లో సర్వర్ పెట్టి దాచుకోవాలా, డబ్బు కట్టి క్లౌడ్‌లో ఉంచాలా?

తెనాలి_కుర్రాడు

మా ఇంట్లో నాలుగు ఫోన్లు. నాన్నగారి పాత ఆల్బమ్‌లు స్కాన్ చేసినవి, పిల్లల వీడియోలు, ఇంటి దస్తావేజుల పీడీఎఫ్‌లు అన్నీ కలిపితే ఒక టెరాబైట్ దాటింది. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1న ఉచిత అపరిమిత నిల్వ ఆపేసినప్పటి నుంచి ప్లాన్ పెంచుకుంటూ పోతున్నాను. కట్టడం ఆపితే ఏమవుతుందోనని టెన్షన్. ఇంట్లోనే చిన్న సర్వర్ పెట్టి ఫోటోలకు ఇమిచ్, కాగితాలకు నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్లు నడిపితే అన్నీ మన దగ్గరే ఉంటాయి కదా అనిపిస్తోంది. కుదిరితే సొంత డొమైన్‌తో మెయిల్ కూడా ఇంట్లోంచే నడపాలని ఉంది. ఇప్పటికే నడుపుతున్నవాళ్ళు, వద్దనేవాళ్ళు ఇద్దరూ చెప్పండి.

గచ్చిబౌలి_అడ్మిన్

వద్దండీ. సర్వర్లు చూసుకోవడమే నా ఉద్యోగం, అందుకే చెబుతున్నాను. పెట్టడం ఒక ఆదివారం పని. ఆ తర్వాత ప్రతి అప్‌డేట్, ప్రతి కరెంటు కోత, డిస్క్ చేసే ప్రతి కొత్త చప్పుడు మీ నెత్తినే.

2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ మై బుక్ లైవ్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కు) వాడేవాళ్ళు లేచి చూసుకునేసరికి డిస్కులు ఖాళీ. ఎవరో ఇంటర్నెట్ మీదుగా వచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు. ఆ పరికరానికి కంపెనీ 2015 తర్వాత అప్‌డేట్లే ఇవ్వలేదు. 2022 జనవరిలో క్యూనాప్ నాస్‌ల (నెట్‌వర్క్‌లో పెట్టుకునే డిస్కు పెట్టెల) మీద డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ పడి, ఫైళ్ళకు తాళం వేసి బిట్‌కాయిన్ అడిగింది. పాస్‌వర్డ్‌లు దాచే లాస్ట్‌పాస్ కంపెనీ 2022లో దెబ్బతిన్నది కూడా ఇలాంటి చోటే. వాళ్ళ ఇంజనీరు ఒకరి ఇంటి కంప్యూటర్‌లో సినిమాలు, పాటలు నడిపే ప్లెక్స్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఉండిపోయింది, దొంగలు అందులోంచి దూరారు. దాన్ని సరిచేసే అప్‌డేట్ 2020లోనే వచ్చింది, ఆయన వేసుకోలేదు. ఆ పనిలోనే ఉన్నవాళ్ళ ఇంట్లోనే అలా జరిగితే, రోజంతా వేరే ఉద్యోగం చేసుకునే మనం ఏ పాటి? డబ్బు కట్టేయండి, హాయిగా నిద్రపోండి.

హనుమకొండ_లినక్స్

అడ్మిన్ గారు చెప్పిన మూడూ జరిగినవే. కానీ మొదటి రెండు చోట్లా పరికరాన్ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టారు. కొందరికి తెలిసి, కొందరికి రూటర్‌లో యూపీఎన్‌పీ (పరికరం అడిగితే రూటర్ తనంతట తానే దారి తెరిచే సెట్టింగ్) ఆన్‌లో ఉండి తెలియకుండానే. ఇంటి ఫోటోల సర్వర్ లోకమంతటికీ కనపడాల్సిన పనేముంది? మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు సీజీనాట్ వెనకే ఉంటాయి, అంటే ఎంతోమంది చందాదారులకు కలిపి ఒకటే ఐపీవీ4 చిరునామా. బయటి నుంచి లోపలికి రావడానికి పోర్టు, అంటే దారి, తెరుద్దామన్నా తెరుచుకోదు. దాన్ని అందరూ తిట్టుకుంటారు గానీ మన అవసరానికి అది మేలే. టెయిల్‌స్కేల్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ యాప్ వేసుకుంటే సర్వరూ ఫోనూ రెండూ లోపలి నుంచే బయటికి పలకరించుకుని కలుస్తాయి. పోర్టు తెరవక్కర్లేదు. జియో లాంటివి ఐపీవీ6 (ప్రతి పరికరానికీ విడి చిరునామా ఉండే కొత్త పద్ధతి) ఇస్తాయి కాబట్టి, రూటర్‌లో బయటి నుంచి వచ్చే ఐపీవీ6 కనెక్షన్లు మూసి ఉన్నాయో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి.

కరెంటు ఖర్చు సంగతి. ఒక వాట్ ఏడాది పొడుగునా కాలితే 8.76 యూనిట్లు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ మినీ పీసీ ఖాళీగా ఉన్నప్పుడు పది, పన్నెండు వాట్లకు మించి తాగదు. ఏడాదికి నూరు యూనిట్ల చిల్లర. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ వాడితే మాత్రం అరవై వాట్లు, అంటే 525 యూనిట్లు. బిల్లు శ్లాబు కూడా మారొచ్చు. పాతది ఉంది కదా అని దాన్ని పెట్టకండి. రూటర్‌కీ మినీ పీసీకీ కలిపి చిన్న యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి వచ్చే ఆ క్షణాల్లోనే డేటాబేస్‌లు పాడయ్యేది.

ఇక హాయిగా నిద్రపోవడం గురించి. యాహూ గ్రూప్స్ గుర్తుందా? రచ్చబండ లాంటి తెలుగు చర్చా గుంపులు అక్కడే నడిచాయి. ఛందస్సు మీద, పాత పుస్తకాల మీద ఎంత చర్చ! యాహూ 2019 డిసెంబరులో అందులోని పాత సందేశాలు తీసేయడం మొదలుపెట్టి, 2020 డిసెంబరు 15న గ్రూప్స్‌నే మూసేసింది. ముందే దించి పెట్టుకున్నవాళ్ళ దగ్గరే మిగిలాయి. డబ్బు కట్టేవాళ్ళకూ అభయం లేదు. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను సంస్థకు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ప్రైవేట్ క్లౌడ్ మొత్తం గూగుల్ వైపు జరిగిన సెట్టింగ్ తప్పుతో చెరిగిపోయింది. వాళ్ళకు విడిగా ఇంకో కాపీ ఉండబట్టి లేచి నిలబడ్డారు. మన ఇళ్ళలో ఎంతమందికి ఆ ఇంకో కాపీ ఉంది?

సింగ్‌నగర్_వాసి

ఇంట్లో పెట్టుకునేవాళ్ళు ఒక్కటి వినండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీదకు వచ్చినప్పుడు మాది గ్రౌండ్ ఫ్లోర్. టీవీ స్టాండు కింది అరలో రెండు డిస్కుల నాస్, ఒకటి పోతే ఒకటి ఉంటుందని రెయిడ్‌లో పెట్టాను. నీళ్ళు నడుము దాటేసరికి అమ్మను మేడ మీదకు ఎక్కించడమే సరిపోయింది, నాస్ ఎవరికి గుర్తొస్తుంది? నీళ్ళు తీశాక విప్పితే డిస్కు పళ్ళెం మీద బురద చార ఎండిపోయి ఉంది. రెండింటిదీ ఒకటే గతి. రెయిడ్ అన్నది ఒక డిస్కు చచ్చిపోతే పని ఆగకుండా చూస్తుంది, అంతే. అది బ్యాకప్ కాదు. గుంటూరులో అక్క వాళ్ళ ఇంట్లో ఒక యూఎస్‌బీ డిస్కు ఉంది కాబట్టి ఫోటోలు దక్కాయి. వేరే ఊళ్ళో కాపీ లేకపోతే ఇంటి సర్వర్ జోలికి వెళ్ళకండి.

డల్లాస్_తెలుగు

ఫోటోల విషయంలో హనుమకొండ గారి పక్షమే నేను. మెయిల్ మాత్రం ఇంట్లోంచి వద్దు, ఆ కోరిక మానుకోండి. ఇంటి కనెక్షన్ల ఐపీలు చాలావరకు, స్పామ్‌ని అడ్డుకునే స్పామ్‌హౌస్ సంస్థ వాళ్ళ పీబీఎల్ జాబితాలో (నేరుగా మెయిల్ పంపకూడని చిరునామాల పట్టీ) ముందే ఉంటాయి. ఆ చిరునామాల నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ని చాలా సర్వర్లు గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి. చాలా కనెక్షన్లలో మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే 25వ పోర్టు మూసే ఉంటుంది. రివర్స్ డీఎన్ఎస్, అంటే ఐపీ ఎవరి పేరున ఉందో చెప్పే నమోదు, మీ చేతిలో ఉండదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే తనిఖీలు) విషయంలో ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. ఫోటో ఒక పూట ఆలస్యంగా తెరుచుకుంటే నష్టం లేదు. ఇంటర్వ్యూ పిలుపుకి మీరిచ్చిన జవాబు అవతలివాళ్ళ స్పామ్‌లో పడితే మీకు తెలిసే దారే లేదు. డొమైన్ మీ పేరున కొనుక్కోండి, మెయిల్ మోసే పని వేరేవాళ్ళకు అప్పజెప్పండి. వాళ్ళు నచ్చకపోతే రేపు ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఎవరి సర్వర్‌కి రావాలో చెప్పేది) మార్చుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళొచ్చు. చిరునామా మీదే కదా.

గచ్చిబౌలి_అడ్మిన్

పోర్టు తెరవకుండా నడపొచ్చన్నది ఒప్పుకుంటున్నాను. వేరే ఊళ్ళో కాపీ కూడా సరే. నా అసలు అభ్యంతరం ఇంకా అలాగే ఉంది. ఇవన్నీ తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కడే. ఆ ఒక్కడూ ఆస్పత్రిలో ఉంటే? లేకపోతే? ఇంట్లోవాళ్ళకు టెర్మినల్ అంటే ఏమిటో తెలియదు, డాకర్ అంటే అసలు తెలియదు. పెద్ద కంపెనీ ఖాతా అయితే కనీసం ఫోన్‌లో లాగిన్ అయి ఉంటుంది.

ఖమ్మం_టీచర్

అడ్మిన్ గారడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది సర్వర్ పెట్టినవాళ్ళు కాదు, ఆ ఇంట్లో ఉన్న మాలాంటివాళ్ళు. మా ఇంట్లో సర్వర్ పెట్టింది మా ఆయన. మొదట్లో పాస్‌వర్డ్‌లన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి. ఆయన భువనేశ్వర్ ట్రైనింగ్‌లో ఉండగా పాప స్కూల్‌కి ఆధార్ స్కాన్ కావాల్సి వచ్చింది. పేజీ తెరుచుకోదు, ఆయన ఫోన్ ఎత్తరు. తిరిగొచ్చాక నేను పెట్టిన షరతు ఒకటే: నువ్వు లేకుండా నేను తీసుకోగలగాలి, లేదంటే ఇది ఇంట్లో వద్దు.

ఇప్పుడు బీరువాలో దస్తావేజుల సంచిలోనే ఒక డిస్కు ఉంది. సర్వర్‌లో డిస్కు లినక్స్ పద్ధతిలో ఉంటుందట, నా విండోస్ ల్యాప్‌టాప్‌కి పెడితే ఫార్మాట్ చేయమంటుంది. పొరపాటున సరే అంటే అంతే సంగతులు. అందుకని ఈ రెండో డిస్కుని విండోస్‌లోనూ తెరుచుకునే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో పెట్టించాను. ఇమిచ్‌లో స్టోరేజ్ టెంప్లేట్ అని ఒక సెట్టింగ్ ఉంది, అది పెడితే అసలు ఫోటోలు సంవత్సరం, నెల పేర్లతో మామూలు ఫోల్డర్లలో ఉంటాయి. డిస్కు గుచ్చితే 2019, అందులో 05, అందులో మా మరిది పెళ్ళి. ఏ యాప్ అక్కర్లేదు, ఆయనా అక్కర్లేదు. తెలుగులో రాసిన కాగితం ఒకటి పక్కనే ఉంది, అది చూసి ఆయన గదిలో లేనప్పుడు నేనే తీసి చూశాను.

గచ్చిబౌలి_అడ్మిన్

టీచర్ గారూ, మీరు చేసినట్టు చేసే ఇల్లు నేను చూడలేదు. అలా చేసేవాళ్ళకు నా అభ్యంతరం లేదు. సర్వర్ పెట్టి ఆ రెండో డిస్కు రేపు చూద్దాంలే అనేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు మాత్రం నా మాట మారదు: క్లౌడ్‌కి కట్టండి.

తెనాలి_కుర్రాడు

అందరికీ ధన్యవాదాలు. మెయిల్ ఆలోచన వదిలేశాను. ఫోటోలు, కాగితాలు మినీ పీసీలో పెడతాను, మేడ మీది గదిలో. క్లౌడ్ ప్లాన్ ఇప్పుడే తీసేయను, ఏడాదిపాటు రెండూ నడుపుతాను. రెండో డిస్కు బాపట్లలో మా అత్తగారింట్లో ఉంచుదామనుకుంటున్నాను. దాన్ని ఎప్పటికప్పుడు తాజాగా ఉంచేదెలా? అక్కడ వైఫై లేదు.

సింగ్‌నగర్_వాసి

రెండు డిస్కులు కొనండి. ఒకటి అక్కడ, ఒకటి మీ దగ్గర. సంక్రాంతికీ దసరాకీ ఎలాగూ వెళ్తారు కదా, కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకోండి. డిస్కులో దస్తావేజులు కూడా ఉంటే ఆ ఫోల్డర్ వరకు పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వండి, ఆ పాస్‌వర్డ్ మీ ఆవిడకు కూడా తెలియాలి.