‘ఆనవాలు’ అనే మాట డీఎన్ఏ బ్యాంకుకు సరిపోతుందా?

అమలాపురం నుంచి: డీఎన్ఏ డేటాబేస్‌ను, అంటే మనుషుల్ని గుర్తుపట్టడానికి వాళ్ల డీఎన్ఏ వివరాలు దాచే బ్యాంకును, తెలుగులో ‘ఆనవాళ్ల భాండాగారం’ అందామని నిన్న ఒకరు రాశారు. ఆ మాట అక్కడ వాడటానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఆనవాలు ఒకరు ఇచ్చేది. రాముడు హనుమంతుడికి ఉంగరం ఇచ్చాడు. సీతమ్మ, వాళ్లిద్దరికే తెలిసిన కాకాసురుడి సంగతి చెప్పి, చూడామణి ఇచ్చి పంపింది. ఎవరికి చేరాలో, ఎందుకో ఇచ్చినవాళ్లే తేల్చుకున్నారు.

2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం, అరెస్టయినవాళ్ల దగ్గర తీసుకునే వేలిముద్ర, కనుపాప, జీవ నమూనాలు అన్నిటినీ కలిపి ‘మెజర్‌మెంట్స్’ అంది. అంటే కొలతలు! ఆ రికార్డు 75 ఏళ్లు ఉంచవచ్చు. పాత శిక్షలేవీ లేనివాడు నిర్దోషిగా బయటపడితే, కోర్టు వద్దంటే తప్ప, చెరిపేయాలి. చొక్కాకి దర్జీ తీసుకునేది కొలత. రక్తపు చుక్క కొలత ఎలా అవుతుందండీ? పదో తరగతి సర్టిఫికెట్లో రాసిన పుట్టుమచ్చ నా ఒక్కడిదే. రక్తంలో మా అమ్మ ఉంది, తమ్ముడు ఉన్నాడు.

అంతర్వేది నుంచి: మాస్టారూ, 1996 నవంబరు 6 తుఫానుకి బలుసుతిప్ప, భైరవపాలెం వైపు చేపల వేటకెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాన్ని పచ్చబొట్టు చూసో, మొలతాడు చూసో పోల్చుకోవాలి. రోజులు గడిస్తే అదీ కుదరదు. తల్లి రక్తంతో పోల్చి కొడుకుని అప్పగించగలిగితే అంతకంటే ఆనవాలు ఏముంటుందండీ? 2019లో లోక్‌సభలో పెట్టిన డీఎన్ఏ బిల్లులో తప్పిపోయినవారికి, గుర్తు తెలియని మృతులకు విడిగా జాబితాలు ఉన్నాయి. 2023లో బిల్లునే వెనక్కి తీసుకున్నారు. మా తీరానికి అది నష్టమే.

పాలకొల్లు నుంచి: పేపర్లో ‘దాడి ఆనవాళ్లు’ అని రాస్తున్నారుగా. అవి ఎవరు ఇచ్చినవి?

అమలాపురం నుంచి: ఆ వాడుక ఉంది, కాదనను. అక్కడ మనకి ‘జాడ’ అనే మంచి మాట ఉంది. దొంగ తెలియక వదిలిపోయిన వెంట్రుక జాడ. అంతర్వేది అన్నగారు చెప్పింది చదివాక నా పట్టు కొంత సడలింది. తల్లి ఇచ్చింది ఆనవాలే. కానీ అదే బిల్లులో అనుమానితుల జాబితా, నేరస్థుల జాబితా కూడా అదే బ్యాంకులో ఉన్నాయి. సముద్రంలో పోయిన కొడుకు కోసం ఇచ్చిన రక్తాన్ని, రేపు ఇంకో కేసులో రెండో కొడుకుని పట్టడానికి తీస్తే ఆ తల్లికి ఏమని చెబుతాం? ఆమె అందుకు ఇవ్వలేదు. అందుకే అన్నిటికీ ఒకే పేరు వద్దంటున్నాను. తప్పిపోయినవారి జాబితాని ‘ఆనవాళ్ల పట్టిక’ అందాం. అరెస్టయినవాళ్ల దగ్గర తీసుకున్నది ఉత్త ‘నమూనా’. దానికి ఆ గౌరవం అంటగట్టకూడదు.

అన్నగారూ, ఒడ్డున మనిషిని పోల్చుకోవడానికి మీవైపు వేటగాళ్లు వాడే మాట ఇంకేదైనా ఉందా? చెబితే రాసుకుంటాను.