బోర్డు మీద ‘న్యాయవాది’ అనాలా, ‘న్యాయవాదిని’ అనాలా?

కర్నూలు నుంచి:
మా చెల్లెలు ఈ నెలలోనే కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టింది. ఇంటి ముందు బోర్డుకు ‘న్యాయవాది’ అని రాయించాలా, ‘న్యాయవాదిని’ అనా? పెయింటరు రెండోదే కరెక్టు అంటున్నాడు.

అనంతపురం నుంచి:
ముందు చెల్లెలికి నా శుభాకాంక్షలు చెప్పండి. ఆడవాళ్ళు లాయర్లు కాకూడదన్న అడ్డు ఈ దేశంలో 1923 చట్టంతో గానీ తొలగలేదు.

‘న్యాయవాది’ అనే రాయించండి. ‘న్యాయవాదిని’ తప్పేమీ కాదు, సంస్కృతం లెక్కన సరైనదే. తెలుగుకు మాత్రం అవసరం లేదు. మనకు చిక్కంతా ‘డు’తో వచ్చే మాటల దగ్గరే. అధ్యక్షుడు, సభ్యుడు అంటే మగవాడే కనిపిస్తాడు కాబట్టి అధ్యక్షురాలు, సభ్యురాలు కావాలి. న్యాయవాది, మంత్రి, ఉపకులపతి లాంటి మాటలకు ఆ పట్టింపు లేదు. 2007లో ప్రతిభా పాటిల్ ఎన్నికైనప్పుడు ‘రాష్ట్రపతి’ని మార్చలేదు కదా. యూనివర్సిటీలో పేరు ముందు ‘ఆచార్య’ అని పెడితే మేడంకైనా సార్‌కైనా సరిపోతుంది. ఇంకొకటి, న్యాయమూర్తిలోని ‘మూర్తి’ సంస్కృతంలో స్త్రీలింగమే!

కడప నుంచి:
లలితా సహస్రనామంలో ‘మంత్రిణీ న్యస్త రాజ్యధూః’ అని ఉంది కదండీ. మరి మనం మంత్రిణి అని ఎందుకనం?

అనంతపురం నుంచి:
రాజ్యభారాన్ని మంత్రిణికి అప్పగించిన తల్లి అని అర్థం. నాకు చాలా ఇష్టమైన నామం. అయినా తెలుగులో ‘మంత్రి’ ఇద్దరిదీ అయింది, అలాగే ఉండనిద్దాం.

నన్ను బాధపెట్టేది పేరు కాదు, క్రియ. చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పినట్టు, ఆడవారిని చెప్పే మాట బహువచనంలో మగవారితో కలుస్తుంది, ఏకవచనంలో వస్తువులతో కలుస్తుంది. ‘బస్సు వచ్చింది’, ‘సర్పంచ్ వచ్చింది’ రెండూ ఒకటే. మా ఊళ్ళో పాత సర్పంచ్‌ను ‘వచ్చినారు’ అన్నవాళ్ళే, తర్వాత ఒకావిడ సర్పంచ్‌గా గెలిచాక ‘వచ్చింది’ అన్నారు. ఆమె భర్తను మాత్రం ‘సర్పంచ్ గారు’ అని పిలిచారు. ఓట్లు పడింది ఆమెకు! పంచాయతీల్లో సగం పదవులు మహిళలకే అని చట్టం రాశారు, నోటికి మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

అందుకే బోర్డు గురించి టెన్షన్ వద్దు. రేపు ఎవరైనా గుమ్మంలో నిలబడి ‘లాయరు ఉందా?’ అని అడిగితే, ‘ఉన్నారు, కూర్చోండి’ అని మీరు జవాబు చెప్పండి.