మూడు నెలల షుగర్ పరీక్షలో 5.8, పరగడుపున 134. ఏది నమ్మాలి?

కవిటి కోడలు:
నమస్కారమండీ. మాది కవిటి మండలం. మా మావయ్యకి 61 ఏళ్ళు, కొబ్బరి తోట ఉంది. మూడేళ్ళుగా కిడ్నీ జబ్బు, మా ఉద్దానంలో ఇదేం వింత కాదు. క్రియాటినిన్ 3.1, ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. రక్తం తక్కువని వారానికో ఇంజెక్షన్ చేయిస్తున్నాం, హిమోగ్లోబిన్ 8.6.

పోయిన నెల విలేజ్ క్లినిక్కులో ఏఎన్ఎం వేలు పొడిచి చూస్తే 212. టౌన్లో ల్యాబుకి తీసుకెళ్ళాం. పరగడుపున 134, ఇడ్లీ తిన్న రెండు గంటలకి 226, మూడు నెలల పరీక్ష మాత్రం 5.8. కౌంటర్లో కుర్రాడు ఆ 5.8 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి "ఇదే ఫైనల్, షుగర్ లేదు" అనేశాడు.

ఇంకేముంది, మావయ్యకి పండగే. మానేసిన టీ మళ్ళీ మొదలు, రెండు చెంచాల పంచదారతో. అడ్డం పడితే "ఏటమ్మీ, ల్యాబోడి కన్నా నీకెక్కువ తెల్సా" అంటారు. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారు, అది కిడ్నీ వల్లో షుగర్ వల్లో తెలీదు. పక్కింటాయన జాలిపడి తన షుగర్ మాత్రల షీటొకటి ఇచ్చాడు. బీరువాలో దాచేశాను. ఏం చెయ్యమంటారు?

పలాస ల్యాబ్ పిల్లడు:
అప్పా, ముందా షీటు తిరిగిచ్చెయ్యి. అది మెట్‌ఫార్మిన్ అయితే మీ మావయ్యకి పనికిరాదు. జీఎఫ్ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడుతుందో చెప్పే అంకె, 30 లోపుంటే అది వాడకూడదు, ఈ క్రియాటినిన్‌కి ఆయనది 30 కిందే ఉంటాది.

ఇక ఆ 5.8 సంగతి. ఎర్ర కణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్ళూ రక్తంలో తిరుగుతూ చక్కెర పట్టించుకుంటుంది, ఎంత పట్టిందో కొలిచేదే హెచ్‌బీఏ1సీ, నువ్వన్న మూడు నెలల పరీక్ష. కిడ్నీ జబ్బులో కణాలు ముందే రాలిపోతాయి. పైగా ఆ వారం వారం ఇంజెక్షన్ కొత్త కణాల్ని పుట్టిస్తాది. మొన్న పుట్టిన కణానికి చక్కెర అంటుకునే టైమెక్కడిది? అందుకే అంకె తక్కువ చూపిస్తాది. రక్తం ఎక్కించుకున్నవాళ్ళకీ, సికిల్ సెల్ ఉన్నవాళ్ళకీ కూడా ఆ అంకె నమ్మడానికి లేదు. ఉత్త ఐరన్ తక్కువైతే మాత్రం ఉన్నదాని కన్నా ఎక్కువే చూపించొచ్చు.

అలాగని ఏఎన్ఎం చూసిన 212 పట్టుకు వేలాడకు. రక్తం పల్చగా ఉంటే స్ట్రిప్పు మిషన్ కొంచెం ఎక్కువ చూపిస్తాది. తేల్చాల్సింది నరం నుంచి తీసిన రక్తమే. పరగడుపున 126 గానీ ఆపైన గానీ వచ్చి, ఇంకో రోజు చేసినా అలాగే వస్తే షుగరే. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటలకి చూస్తే 200. ఇడ్లీ తిని ఇచ్చిన 226 అనుమానపడ్డానికే గానీ తేల్చడానికి కాదు.

ఇంకోటి, మా వాళ్ళు నన్ను తిట్టినా సరే. బూడిద రంగు మూత ట్యూబులో తీస్తున్నారా చూడు. మామూలు ట్యూబులో తీసి అలా వదిలేస్తే కణాలే చక్కెర తినేస్తాయి, గంటకి 5 నుంచి 7 శాతం తగ్గిపోతాది. ఊళ్ళో తీసి బండి మీద టౌనుకి పంపే శాంపిళ్ళకి ఇదే గతి.

మందస రైతు:
ఇంత గొడవెందుకు? పొద్దున్నే చోడి అంబలి, పడుకునేముందు నేరేడు గింజల పొడి. మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు.

గజపతినగరం మాస్టారు:
రైతుగారూ, అంబలి నేనూ తాగుతాను. అదీ పిండే కదా, గ్లాసు పెద్దదైతే నా అంకే చెబుతుంది. కిడ్నీ మనిషికి మాత్రం పొడులూ పసర్లూ పొయ్యకండి.

అమ్మాయీ, నాకు షుగర్ వచ్చి 14 ఏళ్ళు. 104 బండి వచ్చిన రోజున మాత్రలు తెచ్చుకుని, అంతటితో వైద్యం అయిపోయిందనుకునేవాణ్ణి. ఒకరోజు వరండాలో నా అడుగులు ఎర్రగా పడుతుంటే మా ఆవిడ చూసింది. చెప్పులో మేకు లేచింది. ఆ కాలితోనే సంతకెళ్ళి, వంకాయలు బేరమాడి, ఇంటికొచ్చాను. నాకు తెలిస్తేగా! షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయింది. చిటికెన వేలు తీసేశారు. అప్పటిదాకా నా పాదాలు ఏ డాక్టరూ చూడలేదు, నేనూ చూపించలేదు. ఇప్పుడు ఏడాదికోసారి నైలాన్ దారం ఆనించి స్పర్శ చూస్తారు, కంట్లో చుక్కలు వేసి లోపలి పొర చూస్తారు. రోజూ రాత్రి అరికాలి కింద అద్దం పెట్టుకోవడం నా డ్యూటీ.

మీ మావయ్యకి మందు మొదలెడితే ఒక్కటి గమనించండి. కిడ్నీ సరిగా లేకపోతే కొన్ని షుగర్ మందులు, ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాయి. చెమట, వణుకు, తికమక మాట వస్తే ముందు మిషన్లో చూడండి. 70 లోపుంటే పంచదార నీళ్ళు పట్టండి, అప్పుడు మాత్రం టీలో రెండు చెంచాలూ ఒప్పే.

కవిటి కోడలు:
వేరే ల్యాబులో బూడిద మూత అడిగి మరీ తీయించాను. పరగడుపున 141. కిడ్నీ డాక్టరుగారు షుగరేనని చెప్పి, కిడ్నీకి పడే మాత్ర ఒకటి చిన్న మోతాదులో రాశారు. ఇకమీదట 5.8 లాంటి అంకె చూసి మురిసిపోవద్దు, ఇంట్లో చూసి పుస్తకంలో రాయండి అన్నారు. కొబ్బరి బొండాలు కూడా ఆపమన్నారు, పొటాషియం అట. తోట ఉన్న మనిషికి అదే పెద్ద దెబ్బ.

మిషన్ కొన్నాం. మొదటి రోజే 287! గుండె జారిపోయింది. తీరా చూస్తే మావయ్య అప్పుడే పనసకాయ కోసి తొనలు ఒలిచి వచ్చారు, వేళ్ళు జిగటగా ఉన్నాయి. సబ్బుతో కడిగించి, తుడిచి, వేరే వేలు పొడిస్తే 171. కాయల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీలో రెండంకెలూ రాసి, మొదటిదాని పక్కన "పనస" అని రాశారు.