1971 యుద్ధమప్పటి క్రిస్మస్ ఎవరికైనా గుర్తుందా?

వాల్తేరు పిల్ల:
అందరికీ వందనాలు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, విశాఖలో మహారాణిపేటలో ఉండేవాళ్లం. ఏటా డిసెంబరు రాగానే నాన్న వెదురుబద్దలతో స్టార్ కట్టి, ఎర్రకాగితం అంటించి, లోపల బల్బు పెట్టి డాబా మీదికి ఎత్తేవారు. ఆ ఏడు బద్దలు చీల్చి పెట్టుకున్నారో లేదో, 3వ తేదీన యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రి సముద్రం వైపు పెద్ద చప్పుడు, కిటికీ అద్దాలు గడగడలాడాయి. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన చప్పుడని తర్వాత తెలిసింది.

ఇక రోజూ బ్లాకౌట్. కిటికీలకు నల్లకాగితం, కార్ల హెడ్‌లైట్లకు సగం నల్లరంగు. అరిసెల పాకం పగలే పట్టేసేది అమ్మ. 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది, మర్నాడు పడమటి సరిహద్దులోనూ కాల్పులు ఆగాయి. బ్లాకౌట్ తీసేశాక నాన్న మళ్లీ బద్దలు బయటికి తీశారు. కాగితం చాలక ఒక కొమ్ముకి నా గాలిపటం చింపి నీలం కాగితం అంటించారు. స్విచ్ వేయబోతుంటే "వద్దు నాన్నా, విమానాలొస్తాయి" అని ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఆ సాయంత్రమంతా స్టార్ వెలిగించలేదు. మర్నాడు నన్ను ఎత్తుకుని, నా చేత్తోనే స్విచ్ వేయించారు.

మీ ఇళ్లలో ఎలా జరిగిందో రాయండి.

నేవీ కాలనీ:
అక్కా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మా నాన్నగారు నేవీలో చేసేవారు. ఓడ ఎక్కడుందో మాకు తెలియదు, అడగకూడదు కూడా. గుంటూరులో మేనత్తకి ఏటా పంపే క్రిస్మస్ కార్డు ఆ ఏడు కూడా పంపాం. మామూలు స్టాంపు పక్కన శరణార్థుల సహాయం కోసం ఇంకో 5 పైసల స్టాంపు అంటించాలి. ఆ రెండో స్టాంపు నేనే అంటించానని నాకు గొప్పగా ఉండేది. చర్చిలో అమ్మ పక్కన నాన్న చోటు ఖాళీగా ఉంచేశాం.

తెనాలి మనవరాలు:
మాది ఇంకా వెనకటి సంగతి, 1962. నవంబరులో చైనా యుద్ధం ఆగింది, నెల దాటగానే పండగ. రక్షణ నిధికి నాయనమ్మ రెండు బంగారు గాజులూ ఇచ్చేసింది. క్రిస్మస్‌కి మట్టిగాజులు వేసుకుని గుడికొచ్చింది.

విజయనగరం:
నేను చూడలేదు, అమ్మమ్మ చెప్పేది. 1942 ఏప్రిల్ 6న విశాఖ హార్బరు మీద జపాను బాంబులు పడ్డాక అమ్మమ్మ వాళ్లంతా విజయనగరం చుట్టాలింటికి వచ్చేశారట. ఆ క్రిస్మస్‌కి ఒక్క పెంకుటింట్లో ఇరవై మందికి పైనే. బర్మా జపాను చేతికి పోవడంతో రంగం (రంగూన్) బియ్యం రావడం ఆగిపోయింది, చోడిపిండిలో బెల్లం కలిపి కాల్చిన రొట్టెలే పిండివంట. తాతయ్య తమ్ముడు రంగం నుంచి అడవుల వెంట నడిచొచ్చిన మనిషి. పాటలు మొదలుపెట్టగానే లేచి పెరట్లోకి వెళ్లిపోయారట. ఎవరూ పిలవలేదు, పాటలు మాత్రం ఆయనకు వినపడేలా గట్టిగా పాడారట.

వాల్తేరు పిల్ల:
మూడుసార్లు చదివాను. నేవీ కాలనీ తమ్ముడూ, మీ నాన్నగారు ఎప్పుడొచ్చారు?

నేవీ కాలనీ:
జనవరిలో అక్కా. ఆయన కోసం అమ్మ డబ్బాలో దాచిన అరిసెలు రాయిలా గట్టిపడిపోయాయి. వేరేవి చేస్తానంటే ఒప్పుకోలేదు, వేడిపాలలో నానబెట్టుకుని అన్నీ తిన్నారు.