రెండో భార్య పిల్లలకు తాతల పొలంలో వాటా ఇవ్వాల్సిందేనా?

దివిసీమ రైతు:
మా బంధువుల్లో ఒకాయన వీలునామా రాయకుండా పోయారు. ఆరెకరాల పొలం, తాతల నాటిది. పెద్దావిడకు ఒక్కడే కొడుకు. ఆవిడ ఉండగానే గుళ్లో తాళి కట్టి తెచ్చుకున్న ఇంకొకావిడకు ఒక కూతురు. ఇప్పుడా అమ్మాయి వాటా అడుగుతోంది. "ఆ పెళ్లే చెల్లదు, ఇక ఆమెకు హక్కెక్కడిది?" అంటున్నాడు కొడుకు. నాకూ అదే సబబనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కోర్టు వరండా:
పెళ్లి చెల్లదు, నిజమే. పిల్లకు మాత్రం హక్కుంది. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం చెల్లని పెళ్లికి పుట్టినా తల్లిదండ్రుల ఆస్తికి వారసులే. 1976 సవరణకు ముందు, ఎవరో ఒకరు కోర్టుకెళ్లి పెళ్లిని రద్దు చేయించుకుంటేనే పిల్లలకు ఈ రక్షణ దొరికేది.

గొడవంతా తాతల ఆస్తి దగ్గరే వచ్చింది. అందులో వీళ్లకు వాటా లేదని 2002 డిసెంబరులో జినియా కియోటిన్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2011లో ఇద్దరు జడ్జీలు దాన్ని ఒప్పుకోక పెద్ద బెంచికి పంపారు. 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో ముగ్గురు జడ్జీలు తేల్చారు: పుట్టుకతో వచ్చే ఉమ్మడి హక్కు వీళ్లకు లేదు. కానీ చనిపోయేనాటికి పంపకాలు జరిగి ఉంటే తండ్రికి ఎంత వచ్చేదో, దానిలో వాటా ఉంది.

మీ లెక్క చూడండి. ముందు తండ్రికి మూడు, కొడుక్కి మూడు. తండ్రి మూడెకరాలు పెద్దావిడకు, కొడుక్కి, ఆ అమ్మాయికి తలా ఒకటి. కొడుక్కి మొత్తం నాలుగు. రెండో ఆవిడకు సెంటు భూమి కూడా రాదు.

ఉయ్యూరు ఆడపడుచు:
ఆ ఒక్క ఎకరం ఎవరి నోటి దగ్గరిదో ఆలోచించారా? పెద్దావిడ నాట్లేసింది, కలుపు తీసింది, మొగుడి అప్పులకు నగలు కుదువపెట్టింది. ఆయన ఇంకో ఇల్లు పెట్టుకుంటే ఊరంతా చూస్తుండగా తలదించుకుంది. చివరికి ఆవిడకూ ఎకరమే, ఆ అమ్మాయికీ ఎకరమే. పిల్లల తప్పు లేదని నేనూ ఒప్పుకుంటాను. మగవాడి తప్పుకు భార్య మాత్రం ఎందుకు కట్టాలి? ముందు భార్య వాటా పెంచండి, తర్వాత మిగతావాళ్ల సంగతి మాట్లాడదాం.

కోర్టు వరండా:
అమ్మా, పెద్దావిడకు అన్యాయం జరిగిందన్నది నిజం. మన వైపు ఆనవాయితీలో తండ్రీకొడుకులు పంచుకునేటప్పుడు భార్యకు విడిగా వాటా పెట్టరు. ఆవిడకు తక్కువ రావడానికి కారణం అది. ఆ పిల్ల కాదు. పోట్లాడాల్సింది దాని మీద.

పాలమూరు బిడ్డ:
అందరూ తాళి కట్టిన ఇంటి గురించే మాట్లాడుతున్నరు. అసలు తాళే లేని ఇంట్ల పుట్టినోళ్ల సంగతేంది? 16వ సెక్షన్ వాళ్లను ముట్టదు. వారసత్వ చట్టం 3వ సెక్షన్ వాళ్లను తల్లికి, తోడబుట్టినోళ్లకు మాత్రమే బంధువులంటది. తండ్రి ఎవరో ఊరంతటికీ తెలిసినా, వీలునామా రాయకపోతే ఆయన ఆస్తిల గుంట భూమి రాదు.

మా దిక్కు జోగినీల, అంటే దేవుడికిచ్చి పెళ్లి చేసినమని ఊరికి వదిలేసిన ఆడోళ్ల, పిల్లలను చూడండి. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988ల చట్టం వచ్చింది. ఆ తల్లుల దగ్గర రాసియ్యడానికి ఏముంటది? భూమి ఉన్నోడు తండ్రి, ఆకలి ఉన్నది తల్లి. చట్టమేమో తల్లి దగ్గరికే పొమ్మంటది. గుళ్లో దొంగతనంగ తాళి కడితే పిల్లకు ఎకరమొస్తది, కట్టకుంటే ఏమీ రాదు. ఆ తాళి కట్టాల్నా వద్దా అన్నది పిల్ల చేతిలున్నదా? 2023 తీర్పు మంచిదే, కానీ సగం దారిల ఆగింది.

దివిసీమ రైతు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ అలా తలుపులు తెరిస్తే, ఆస్తిపరుడు పోయిన పదో రోజున ఎవరో ఒకరు వచ్చి "నేనూ ఆయన బిడ్డనే" అంటారు. రుజువేముంటుంది? బూడిదకు పరీక్ష చేయిస్తారా?

పాలమూరు బిడ్డ:
రుజువు అడగండి, గట్టిగ అడగండి, నేను వద్దంటలేను. కానీ భరణం కేసుల పెళ్లి లేకుండ పుట్టిన పిల్లకు కూడా తండ్రి తిండి పెట్టాలని కోర్టు చెప్తది గదా. పితృత్వం అక్కడ తేలినప్పుడు వారసత్వం కాడ ఎందుకు తేలదు? బతికుండగ తండ్రైనోడు చచ్చినంక పరాయోడెట్లయితడు? బడి రిజిస్టరు ఉంటది, ఆధార్ల పేరుంటది, ఆయన చేతితో రాసిన ఉత్తరముంటది. జడ్జి చూసుకుంటడు. అబద్ధమాడేటోడు ఒకడు వస్తడని నిజమైన బిడ్డను గడప అవతలే నిలబెడుదమా?

ఉయ్యూరు ఆడపడుచు:
ఇది నేను ఆలోచించని కోణం. అయినా పెద్దావిడ వాటా గురించి నా మాట మార్చుకోను. రెండు సవరణలూ కావాలి.

కోర్టు వరండా:
రైతు గారూ, ఒక మాట. మీ వాళ్లు తీసుకున్న కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో ఆ అమ్మాయి పేరు ఉందా? లేకుండా తీసుకుని మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు, చేయించుకున్నా ఆమె హక్కు పోదు. పాస్‌బుక్ వచ్చినంత మాత్రాన పొలం సొంతమైపోదు. ఆమె సివిల్ కోర్టులో విభాగ దావా వేస్తే ఏళ్ల తరబడి ఆ ఆరెకరాలూ అమ్ముకోవడం కష్టమవుతుంది. కొడుకును ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. ఎకరం ఎటువైపు ఇస్తారో, బోరు ఎవరిదో, దారి ఎటో కాగితం మీద రాసి రిజిస్టరు చేయించుకోమనండి.

దివిసీమ రైతు:
సర్టిఫికెట్‌లో పేరు లేదండి. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాను, ఈ లెక్క చూపిస్తాను.